మాంసకృత్తుల మాయ

1865 ఆగస్టు 30వ తేదీ తెల్లవారుజామున, స్విట్జర్లండులోని బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి ఇద్దరు ఆచార్యులు కొండ ఎక్కడానికి బయలుదేరారు. ఒకరు అడాల్ఫ్ ఫిక్, శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. రెండవవారు యొహానెస్ విస్లిట్సేనుస్, రసాయన శాస్త్రజ్ఞుడు. ఇరువురూ జూరిచ్ నగరంలో అధ్యాపకులు. వారు ఎక్కదలచిన ఫౌల్‌హార్న్ శిఖరం ఆల్ప్స్ పర్వతాలలో దుర్గమమైనదేమీ కాదు; వేసవిలో యాత్రికులు దానిని సులభంగానే ఎక్కుతారు. అయితే ఆ ఉదయం ఈ ఇరువురి ప్రయాణ సన్నాహం మాత్రం చూసేవారికి నవ్వు పుట్టించి ఉంటుంది. ముందురోజు మధ్యాహ్నం నుండి వారు మాంసం గాని, పాలు గాని, గుడ్డు గాని, చివరకు రొట్టె గాని ముట్టలేదు. పిండి నుండి వేరుచేసిన శుద్ధమైన గంజిపదార్థాన్ని కొవ్వులో వేయించిన అప్పాలు, చక్కెర వేసిన తేనీరు — ఇవే వారి ఆహారం. సంచిలో సీసాలు ఉన్నాయి. దారిలో విసర్జించిన మూత్రాన్ని చుక్క వృథా కాకుండా ఆ సీసాలలో పట్టుకుంటూ, మధ్యాహ్నం దాటేసరికి 1,956 మీటర్ల ఎత్తు ఎక్కి శిఖరం చేరుకున్నారు. సాయంకాలం మాత్రం అక్కడి హోటలులో తృప్తిగా మాంసాహారం భుజించారు.

ఈ వింత యాత్ర వెనుక ఒక మహాశాస్త్రజ్ఞునితో తగాదా ఉంది.

ఆయన పేరు యుస్టుస్ ఫన్ లీబిగ్. పందొమ్మిదవ శతాబ్దపు రసాయన శాస్త్రానికి చక్రవర్తి వంటివాడు. 1842లో ప్రకటించిన గ్రంథంలో ఆయన మానవాహారాన్ని రెండు జాతులుగా విభజించాడు. పిండిపదార్థాలు, కొవ్వులు శరీరానికి వేడిని మాత్రమే ఇస్తాయన్నాడు. కండరం పనిచేసేటప్పుడు తనను తానే దహించుకుంటుందనీ, ఆ నష్టాన్ని పూడ్చగలిగినవి మాంసకృత్తులు మాత్రమేననీ, కనుక శ్రమించేవాడు మాంసం తినక తప్పదనీ ఆయన సిద్ధాంతం. వినడానికి ఇది ఎంతో సహజంగా ఉంటుంది. కండ అంటే మాంసం. మాంసం తింటే కండ. ఏ భాషలో చెప్పినా పామరునికైనా అర్థమయ్యే తర్కమిది. లీబిగ్ చెప్పాడు కనుక పండితులూ తలలూపారు.

కాని ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఒక మార్గముంది. మాంసకృత్తులలో నత్రజని ఉంటుంది; పిండిపదార్థాలలోను, కొవ్వులలోను ఉండదు. శరీరంలో మాంసకృత్తులు దగ్ధమైతే ఆ నత్రజని యూరియా రూపంలో మూత్రంలో బయటపడుతుంది. అందుచేత కష్టపడి పనిచేసిన మనిషి మూత్రంలో యూరియా పెరగాలి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్మిత్ అనే వైద్యుడు అప్పటికే జైలులో తొక్కుడుచక్రం తిప్పే ఖైదీల మీద ఈ పరీక్ష జరిపి, యూరియా చెప్పుకోదగినంతగా పెరగడం లేదని గమనించాడు. ఫిక్, విస్లిట్సేనుస్‌లు మరొక అడుగు ముందుకు వేశారు. సీసాలలోని నత్రజనిని బట్టి లెక్క కడితే, కొండ ఎక్కిన కాలంలో ఒక్కొక్కరి శరీరంలో దగ్ధమైన మాంసకృత్తులు సుమారు 37 గ్రాములు. ఫిక్‌కు బావమరిది అయిన ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లండ్ మరుసటి సంవత్సరం లండనులో మాంసకృత్తుల దహనోష్ణాన్ని స్వయంగా కొలిచి లెక్కను పూర్తిచేశాడు. ఆ 37 గ్రాముల నుండి వచ్చే శక్తి, తమ శరీరభారాన్ని అంత ఎత్తుకు మోయడానికి అవసరమైన దానిలో సగానికి అటూ ఇటూగా మాత్రమే ఉంది. అదీ కండరం ఇంధనాన్ని అణువంత కూడా వృథా చేయదనుకుంటేనే. నిజానికి కండరం తనకందిన శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా మార్చలేదు. మరి మిగిలిన శక్తి ఎక్కడిది? గంజి అప్పాలది, కొవ్వుది.

సిద్ధాంతం అక్కడితో కూలిపోవలసింది. శాస్త్రజ్ఞులలో కొంతవరకు కూలింది కూడా. కాని బజారులో కూలలేదు. సరిగ్గా అదే 1865వ సంవత్సరంలో లీబిగ్ పేరిట మాంససారం తయారుచేసే కంపెనీ లండనులో వెలిసింది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో తోళ్లకోసం చంపిన పశువుల మాంసం చవకగా దొరికేది. దానిని ఉడికించి, వడగట్టి, ఇగిర్చి, గోధుమరంగు లేహ్యంగా చేసి, సీసాలకెత్తి ఐరోపా అంతటా అమ్మారు. దాదాపు ముప్పై పాళ్ల మాంసానికి ఒక పాలు లేహ్యం వచ్చేది. రోగులకు, సైనికులకు, శ్రమజీవులకు అది బలవర్ధకమని ప్రసిద్ధి. ఇందులోని చమత్కారమేమిటంటే, మాంసాన్ని అలా ఉడికించి వడగట్టినప్పుడు మాంసకృత్తులలో చాలా భాగం పిప్పితోనే పోతుంది. సీసాలో మిగిలేది రుచి, వాసన, ఉప్పు. మాంసకృత్తుల మహిమను లోకానికి చాటిన మహనీయుని పేరిట, మాంసకృత్తులు దాదాపుగా లేని పదార్థం దశాబ్దాలపాటు బలానికి చిహ్నంగా చెలామణి అయింది.

ఈ నమ్మకం ఓడలెక్కి భారతదేశానికి కూడా వచ్చింది. రాజకోటలో చదువుకుంటున్న మోహన్‌దాస్ గాంధీ అనే బాలునికి, ఇంగ్లీషువాడు మాంసం తింటాడు గనుకనే దేశాన్ని ఏలగలుగుతున్నాడని ఒక స్నేహితుడు నూరిపోశాడు. తల్లిదండ్రులకు తెలియకుండా ఏటి ఒడ్డున మేకమాంసం తిన్న రాత్రి, కడుపులో బతికున్న మేక అరుస్తున్నట్లు కలగని ఉలిక్కిపడి లేచానని గాంధీజీ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఆ రహస్య విందులు ఒక ఏడాదిపాటు అడపాదడపా సాగాయి. చివరకు ఆయన వాటిని మానడానికి కారణం పోషకాహార శాస్త్రం కాదు, తల్లిదండ్రులతో అబద్ధమాడలేకపోవడం.

పిల్లల మాటను పెద్దలు అనడం వేరు, ప్రభుత్వోద్యోగి అనడం వేరు. కలకత్తా వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన మేజర్ మెకే, బెంగాలు జైళ్లలోని ఖైదీల ఆహారాన్ని పరిశీలించి, 1912లో మాంసకృత్తులపై ఒక గ్రంథమే రాశాడు. బెంగాలీల శరీర దార్ఢ్యం తక్కువగా ఉండడానికి వారి ఆహారంలో మాంసకృత్తుల కొరతే కారణమన్నాడు. అంతటితో ఆగక, ధైర్యసాహసాల వంటి గుణాలను కూడా అదే తక్కెడలో తూచాడు. ఏలేవాడెవడో ఏలబడేవాడెవడో వంటింట్లోనే నిర్ణయమైపోతుందన్న ఈ వాదం ఆనాటి దొరతనానికి ఎంత ఇంపుగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ తరువాత నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఎలుకలకు వివిధ ప్రాంతాల ఆహారాలను పెట్టి పెంచాడు. పంజాబు సిక్కుల భోజనం తిన్న ఎలుకలు బలిష్ఠంగాను, మద్రాసు వారి భోజనం తిన్నవి బక్కచిక్కిగాను తయారయ్యాయి. ఈ ప్రయోగాన్ని మాంసాహార మహిమకు నిదర్శనంగా చెప్పుకున్నవారు లేకపోలేదు. నిజానికి సిక్కుల భోజనంలో మాంసం వారానికొకమారే. పొట్టు తీయని గోధుమల రొట్టె, వెన్న, పాలు, పప్పు, కూరగాయలు — ఆ ఎలుకల అదృష్టమంతా వీటిలో ఉంది. మద్రాసు ఎలుకల దురదృష్టం మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యంలో ఉంది. మెకారిసన్ స్వయంగా విటమినుల శాస్త్రజ్ఞుడు. ఆయనకు ఈ సంగతి తెలుసు.

ఈ మధ్యకాలంలో మరొక సవాలు అమెరికా నుండి వచ్చింది. శ్రామికునికి రోజుకు 118 గ్రాముల మాంసకృత్తులు కావాలని జర్మనీలో కార్ల్ ఫాయిట్ నిర్ణయించి ఉన్నాడు. ఆ అంకె ఎలా వచ్చింది? బాగా తినగలిగిన పనివారు ఎంత తింటున్నారో చూసి, అంత కావాలని తేల్చాడు. తినేదానికీ, కావలసినదానికీ తేడా ఉండవచ్చునని యేల్ విశ్వవిద్యాలయంలోని రసెల్ చిట్టెండెన్‌కు తోచింది. ఆయన మొదట తన భోజనంలోనే మాంసకృత్తులను 40 గ్రాముల దరిదాపులకు తగ్గించుకున్నాడు. ఆ తరువాత తోటి ఆచార్యులను, సైనికులను, విశ్వవిద్యాలయపు క్రీడాకారులను నెలల తరబడి ఫాయిట్ చెప్పినదానిలో సగం మాంసకృత్తుల మీద ఉంచి, వారి బలాన్ని యంత్రాలతో కొలిచాడు. ఎవరూ నీరసించలేదు సరికదా, పట్టు పెరిగింది. 1904లో ఈ ఫలితాలు గ్రంథరూపంలో వెలువడ్డాయి. వ్యాయామం మానకుండా చేయించడం వల్లనే వారి బలం పెరిగి ఉండవచ్చునన్న ఆక్షేపణ న్యాయమైనదే. కాని అసలు విషయం అందులోనే ఉంది: కండను పెంచింది వ్యాయామం.

ఇంతవరకు జరిగినదంతా బలవంతుల కథ. ఎవరు ఓడినా ఎవరి ప్రాణమూ పోలేదు. ఇరవయ్యవ శతాబ్దపు నడిమి నుండి ఈ భ్రమ పసిపిల్లల జోలికి వచ్చింది.

సిసిలీ విలియమ్స్ జమైకాలో పుట్టిన ఇంగ్లీషు వైద్యురాలు. 1929లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టుకు, అంటే ఈనాటి ఘనాకు, ప్రభుత్వ వైద్యురాలిగా వెళ్లింది. అక్కడ ఏడాది నుండి నాలుగేళ్ల లోపు పిల్లలలో ఒక వింత జబ్బు కనబడింది. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. జుట్టు రంగు మారుతుంది. చర్మం పొరలుగా ఊడుతుంది. బిడ్డ దేనిమీదా ధ్యాస లేకుండా మూలుగుతూ పడి ఉంటుంది. తరచు మరణిస్తుంది. 1935లో ఆమె ఈ వ్యాధికి స్థానికులు పిలిచే పేరునే లోకానికి పరిచయం చేసింది: క్వాషియార్కర్. కొత్త బిడ్డ రాకతో తల్లి చనుబాలకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు భావం. ఆ బిడ్డకు పాలకు బదులుగా దొరికేది మొక్కజొన్న జావ. మాంసకృత్తుల లోపం కారణమై ఉండవచ్చునని ఆమె ఊహించింది. ఊహగానే చెప్పింది.

ఊహ నిశ్చయంగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. 1950 దశకంలో అంతర్జాతీయ నిపుణులు ఆఫ్రికా అంతటా తిరిగి, ఈ వ్యాధి మాంసకృత్తుల లోపమేనని, పేదదేశాల ప్రధాన పోషకాహార సమస్య ఇదేనని తేల్చారు. 1955లో మాంసకృత్తులకోసం ఒక ప్రత్యేక సలహాసంఘమే ఏర్పడింది. 1968 నాటికి ఐక్యరాజ్యసమితి, రానున్న ‘మాంసకృత్తుల సంక్షోభం’ గురించి నివేదిక ప్రకటించింది. చేపలపొడి, నూనె తీసిన గింజల పిండి, చివరకు పెట్రోలియం మీద పెంచిన ఈస్టు — వీటితో పేదబిడ్డల ఆకలి తీర్చే పథకాలు సిద్ధమయ్యాయి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ కూడా వేరుశనగ పిండి, శనగపిండి కలిపి ‘బహుళార్థ సాధక ఆహారం’ తయారుచేసింది. ఉద్దేశాలలో లోపం లేదు. ఈ పదార్థాలలో కొన్ని మంచి ఆహారాలు కూడా. ప్రశ్న ఒక్కటే: ఆకలితో ఉన్న బిడ్డకు లోపించింది నిజంగా మాంసకృత్తులేనా?

ఈ ప్రశ్న గట్టిగా అడిగినవారు హైదరాబాదులో ఉన్నారు. మెకారిసన్ కూనూరులో ప్రారంభించిన ప్రయోగశాల 1950 దశకం చివర తార్నాకకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. డాక్టరు కొలుత్తూరు గోపాలన్ అప్పుడు దాని డైరెక్టరు. ఆయనా, ఆయన సహచరులూ చేసినది చూడడానికి సాదా పని. ఆసుపత్రికి వచ్చిన జబ్బు బిడ్డలను మాత్రమే చూడక, పల్లెలకు వెళ్లి, జబ్బు రాకముందే పిల్లలు ఏమి తింటున్నారో తూచి రాసుకున్నారు. నెలల తరబడి అనుసరించారు. కొందరికి క్వాషియార్కర్ వచ్చింది. మరికొందరు ఎముకల గూడులా శుష్కించే మరాస్మస్ పాలయ్యారు. సిద్ధాంతం ప్రకారం మొదటివారికి మాంసకృత్తులు, రెండవవారికి కేలరీలు లోపించి ఉండాలి. తూచిన లెక్కలలో ఆ తేడా కనబడలేదు. రెండు తెగల పిల్లలూ ఒకే రకమైన తిండి తిన్నారు; అది ఇద్దరికీ చాలలేదు. 1968లో గోపాలన్ ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు, ప్రపంచం మాంసకృత్తుల సంక్షోభం మీద నివేదికలు రాసుకుంటున్నది.

ఎందుకిలా జరుగుతుంది? వంటచెరకు అయిపోయిన ఇంట్లో గృహిణి మొదట పాత పెట్టెలను పొయ్యిలో పెడుతుంది. అవీ అయిపోతే ఇంటి దూలాలను. శరీరమూ అంతే. దానికి ముందుగా కావలసింది ఇంధనం. అన్నం, నూనె చాలినంత అందనప్పుడు, కండ కట్టడానికి ఉద్దేశించిన మాంసకృత్తులను కూడా అది పొయ్యిలోనే వేస్తుంది. అటువంటి బిడ్డకు చేపలపొడి పెట్టినా, ఖరీదైన పాలపొడి పెట్టినా, దానిలో చాలా భాగం కేవలం కట్టెలుగా కాలిపోతుంది. సరుగుడు కట్టె దొరికేచోట టేకు కాల్చడం వంటిది. ఇంధనం చాలినంత ఇస్తే, బిడ్డ తింటున్న అన్నం పప్పులలోని మాంసకృత్తులే తమ పని తాము చేసుకుంటాయి.

ఈ మాట ఊరికే అనలేదు, చూపించారు. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలలో బడియీడు రాని కొన్ని వందలమంది పిల్లలకు ఏడాదికి పైగా, రోజూ గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన ఒక తీపి పదార్థాన్ని పెట్టారు. అందులో కేలరీలు సుమారు 300. మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే, అంటే అర గుడ్డులో ఉండేపాటి. పోల్చి చూడడానికి ఎంచుకున్న ఇతర పిల్లల కంటే వీరు ఎత్తులోను, బరువులోను మెరుగ్గా పెరిగారు. 1973లో ప్రకటితమైన ఈ ప్రయోగం సారాంశాన్ని పల్లెటూరి తల్లికి చెప్పాలంటే పెద్ద మాటలు అక్కరలేదు: పిల్లవాడి పళ్లెంలో రోజుకు మరో గుప్పెడు బియ్యం అన్నం, దానిమీద ఒక చెంచాడు నూనె లేదా నెయ్యి.

అయితే ఆ చెంచాడు నూనె దగ్గరే మరొక అపోహ కాచుకొని ఉంది. పసిబిడ్డకు నూనె, నెయ్యి అరగవని, జ్వరం వస్తే లంకణం పరమౌషధమని, విరేచనాలైతే పలచని గంజినీళ్లు తప్ప ఏదీ పనికిరాదని ఎన్నో ఇళ్లలో నమ్ముతారు. రెండేళ్ల బిడ్డ పొట్ట చిన్నది. పలచని జావతో అది ఇట్టే నిండుతుంది. కాని నిండిన పొట్టలో ఉన్నది ఎక్కువగా నీళ్లే. పొట్ట చిన్నదైనప్పుడు తిండి చిక్కగా ఉండాలి. అన్ని ఆహారాలలోకి చిక్కని ఇంధనం కొవ్వు. గ్రాముకు తొమ్మిది కేలరీలు. పెద్దవారికి పొదుపుగా వాడమని చెప్పే పదార్థమే బక్కబిడ్డకు ప్రాణాధారం. ఆహార విషయంలో అందరికీ వర్తించే నీతివాక్యాలు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గోపాలన్ ఒంటరివాడు కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థలో గణాంకశాఖకు అధిపతిగా పనిచేసిన పి. వి. సుఖాత్మే కూడా, భారతదేశంలో తిండి చాలినంత తినేవారికి మాంసకృత్తుల లోపం అరుదని లెక్కలతో వాదించారు. 1973లో అంతర్జాతీయ నిపుణుల సంఘం మాంసకృత్తుల అవసరాల అంచనాలను తగ్గించింది. కాగితం మీద ఆ అంకెలు మారగానే, ‘సంక్షోభం’లో చాలా భాగం ఆవిరైపోయింది! 1974లో బేరూత్‌లో పనిచేస్తున్న డానల్డ్ మెక్‌లారెన్ అనే వైద్యుడు, ఈ వ్యవహారమంతా ఒక ఘోర వైఫల్యమని, ఈ వ్యామోహంలో పడి అసలైన ఆకలిని మరిచామని, అందుకు మూల్యం చెల్లించింది పిల్లలని, ప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్‌లో నిర్మొహమాటంగా రాశాడు. 1977లో సలహాసంఘం రద్దయింది.

క్వాషియార్కర్ ఎందుకు వస్తుందన్న ప్రశ్న మాత్రం పూర్తిగా తేలలేదు. ఒకే తిండి తిన్న పిల్లలలో ఒకరు ఉబ్బడం, మరొకరు శుష్కించడం ఎందుకన్న గోపాలన్ ప్రశ్నకు అంటురోగాలలోను, పేగులలోని సూక్ష్మజీవులలోను సమాధానం వెదికే పరిశోధనలు తరువాతి కాలంలో కూడా సాగాయి. మాంసకృత్తులు అనవసరమని కూడా ఎవరూ అనలేదు. అవి లేనిదే బిడ్డ పెరగదు, గాయం మానదు. వాదమంతా ఎంత, ఎవరికి, దేనితో కలిపి అన్న దానిమీదనే.

ఇక్కడ మరొక చిన్న అపోహను కూడా ప్రస్తావించాలి. బియ్యంలో లైసిన్ అనే అంశం తక్కువ, పప్పులో ఎక్కువ; పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో సరిపడినంత. కనుక రెండూ కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పప్పన్నం కనిపెట్టినవారికి ఈ పేర్లు తెలియవు. 1971లో ఫ్రాన్సెస్ మూర్ లాపే అనే అమెరికన్ రచయిత్రి శాకాహారాన్ని సమర్థిస్తూ రాసిన పుస్తకంలో, ఇటువంటి జంటలను ఒకే పూట లెక్క ప్రకారం కలిపి తినాలని సూచించింది. లక్షలమంది చదివారు. పదేళ్లకు కొత్త ముద్రణలో ఆమే ఆ మాటను ఉపసంహరించుకుంది. రకరకాల ఆహారం తినేవారు పూటపూటకూ లెక్క చూసుకోనక్కరలేదని, మాంసం మీది భ్రమను పోగొట్టబోయి తాను మరొక భ్రమను కల్పించానని ఒప్పుకుంది. ఆహారశాస్త్రం మీద రాసేవారిలో ఇటువంటి నిజాయితీ అరుదు.

మాంసకృత్తుల మాయ మాత్రం ఎక్కువకాలం అజ్ఞాతంలో ఉండలేదు. ఈసారి అది పేదబిడ్డల పేరు వదిలి, కలవారి బిడ్డలను ఆశ్రయించింది. పట్టణాలలో వీధివీధినా వెలసిన వ్యాయామశాలలలో, ఇనుప బరువుల పక్కనే పెద్దపెద్ద డబ్బాలు కొలువుతీరాయి. వాటిలో ఉండే పొడి సాధారణంగా పాలవిరుగుడు నుండి తీసినది. జున్ను తయారుచేసే కర్మాగారాలలో మిగిలిపోయే ఆ విరుగుడు నీటిని ఒకప్పుడు ఏరులలోకి వదిలేవారు, పందులకు పోసేవారు. ఉరుగ్వేలో తోళ్లు ఒలవగా మిగిలిన మాంసం లీబిగ్ లేహ్యమైనట్లే ఇదీ సద్వినియోగమైంది. ఒక్క తేడా చెప్పుకోవాలి: ఈ పొడిలో, కల్తీ లేకపోతే, మాంసకృత్తులు నిజంగానే ఉంటాయి.

ప్రశ్న మళ్లీ పాతదే. ఆ యువకునికి అవి లోపించాయా? జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, 65 కిలోల పురుషునికి రోజుకు 54 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు. ఒక సాధారణ తెలుగు భోజనాన్ని తూచి చూద్దాం. రోజు మొత్తం మీద 350 గ్రాముల బియ్యంలో సుమారు 27 గ్రాములు. అరవై గ్రాముల కందిపప్పులో 13. పావు కిలో పెరుగులో 7 లేక 8. పచ్చడిలోకో ఉప్మాలోకో వాడిన గుప్పెడు వేరుశనగపప్పులో 6. ఆకుకూరలు, కాయగూరలు 3. మొత్తం 56 దాటింది. ఇంకా గుడ్డు గాని, చేప గాని, మాంసం గాని పళ్లెంలోకి రానేలేదు. అందరినీ ఆశ్చర్యపరిచే విషయం, ఇందులో దాదాపు సగం ‘ఉత్త అన్నం’ నుండి వచ్చింది.

కాని ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. పప్పు, పెరుగు, వేరుశనగ కొనలేని ఇంట్లో మిగిలేది ఆ 27 గ్రాములే. అవీ నాణ్యత తక్కువవి. అటువంటి కుటుంబానికి పప్పు, పాలు, గుడ్డు నిజమైన అవసరాలు. ఆకలి మందగించి ఒకపూట ఫలహారంతో సరిపెట్టుకునే వృద్ధులకూ అంతే. నిజంగా లోటున్న ఈ ఇద్దరూ వ్యాయామశాల గడప తొక్కరు.

బరువులెత్తి కండలు పెంచదలచినవారికి మామూలుకంటే కొంత ఎక్కువ కావాలన్నది నిజమే. 2018లో అనేక ప్రయోగాలను కలిపి పరిశీలించినప్పుడు, శరీరభారంలో కిలోకు రోజుకు 1.6 గ్రాముల వరకు కొద్దిపాటి ప్రయోజనం కనబడింది. అది దాటిన తరువాత ఎంత తిన్నా అదనంగా ఒరిగేది లేదు. ఆ కొద్దిపాటి ప్రయోజనం కూడా బరువులెత్తే శ్రమకు తోడుగా వచ్చేదే. కొవ్వుకు ఉన్నట్లు, మిగులు మాంసకృత్తులను దాచుకోవడానికి శరీరంలో కొట్టు లేదు. కాలేయం వాటిలోని నత్రజనిని విడదీసి యూరియాగా మార్చి పంపేస్తుంది. మిగిలినది ఇంధనంగా కాలుతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. ఫిక్, విస్లిట్సేనుస్‌లు సీసాలలో పట్టి చూపినది ఈ యూరియానే. మాంసకృత్తులు ఎక్కువైతే ఆరోగ్యవంతుని మూత్రపిండాలు తప్పక చెడిపోతాయన్న భయానికి గట్టి ఆధారాలు లేవు. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది హానికరం, ఆ జబ్బు ఉన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో, కండలకోసం ఈ పొడులను వాడవద్దని స్పష్టంగా సలహా ఇచ్చింది.

డాక్టరు గోపాలన్ 2019 అక్టోబరులో, నూరేళ్లు నిండిన తరువాత కన్నుమూశారు. తెలంగాణలో అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా ఏడు నెలల నుండి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల చొప్పున ‘బాలామృతం’ అనే పొడి ఇస్తారు. వంద గ్రాములకు 400 కేలరీలకు పైగా, మాంసకృత్తులు 11 గ్రాములు. వేయించిన గోధుమలు, కొద్దిగా శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె — దానిలో ఉండేవి ఇవి. అర్ధశతాబ్దం కిందట అదే హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలలో పిల్లల చేతికిచ్చిన తీపి ముక్కలో ఉన్న మూడు వస్తువులూ అందులో ఉన్నాయి.